పిల్లి గుండె పక్కన 17 మిల్లీమీటర్ల నీడ: కణితేనా, ఇంకేమన్నానా?

పేరు వద్దన్న ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. సంగతి క్లుప్తంగా ఇది. ఆమె పెంచుకుంటున్న పండు పదకొండేళ్ల మగపిల్లి. చిన్నప్పుడే సంతానం కలగకుండా ఆపరేషన్ చేయించారు, ఇల్లు దాటి వెళ్లదు. నెల కిందట మంచం కింద దూరి బయటికి రావడం మానేసింది, తిండి సగానికి తగ్గింది. ఒకరోజు డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తుంటే ఆస్పత్రికి పరుగెత్తారు. ఎక్స్‌రేలో ఛాతీ నిండా నీరే, గుండె ఆకారం కూడా కనబడలేదు. రెండు వైపులా కలిపి 140 మి.లీ. నీరు తీశారు. ఆ సాయంత్రానికే పండు గిన్నె దగ్గరికి వచ్చింది. నీటి పరీక్ష రిపోర్టులో మాత్రం ఒక్కటే వాక్యం: అనుమానాస్పద కణాలున్నాయి, క్యాన్సర్ కాదని చెప్పలేం.

తర్వాతి వారం స్కాన్ చేస్తే గుండె పైభాగాన, బృహద్ధమని పక్కన 17 మి.మీ. గుండ్రటి ఆకారం ఒకటి, గుండె చుట్టూ ఉండే పొరలో పలచగా నీరు కనబడ్డాయి. మొదటి డాక్టరు ఇది గుండె మొదట్లో, అంటే పెద్ద రక్తనాళాలు బయల్దేరే చోట, పుట్టే అరుదైన కణితి అన్నారు, నెలల లెక్కే అన్నారు, స్టెరాయిడ్ మొదలుపెట్టి చూద్దామన్నారు. రెండో డాక్టరు గుండె కండరం మందమయ్యే జబ్బులా ఉంది, ఆ కనబడింది ఎడమ కర్ణికలో రక్తపు గడ్డ కావచ్చు, గుండె నిపుణుల చేత ఎకో (గుండెను వివరంగా చూసే అల్ట్రాసౌండ్ స్కాన్) చేయించి, అవసరమైతే సీటీకి వెళ్దామన్నారు. ఇప్పుడు ఒంట్లో నీరు తగ్గించే ఫ్యూరోసెమైడ్, రక్తం గడ్డకట్టకుండా రోజుకు పావు మాత్ర క్లోపిడోగ్రెల్ నడుస్తున్నాయి. నిద్రలో శ్వాస నిమిషానికి 34 వస్తోంది. ఇంట్లో భర్త ‘దాన్ని ఇంకా హింసపెట్టొద్దు’ అంటున్నారు, కూతురు ‘ఒక్క పరీక్షా వదలొద్దు’ అంటోంది. ఆమె అడుగుతున్నవి: ఇది నిజంగా కణితేనా? స్టెరాయిడ్ మొదలుపెడితే పోయేదేముంది? సీటీ మత్తు తట్టుకుంటుందా? ఎక్కడ ఆపాలి? ఇంట్లో ఉన్న రెండేళ్ల ఇంకో పిల్లికి ఇది అంటుతుందా?

సమాధానం

ముందు ఆ 34 సంగతి చూద్దాం. మిగతా నిర్ణయాలకు మీ దగ్గర ఎంత వ్యవధి ఉందో చెప్పేది అదే. ఆరోగ్యంగా ఉన్న పిల్లి గాఢనిద్రలో నిమిషానికి 30 సార్లలోపే ఊపిరి తీస్తుంది. ఛాతీ లేచి దిగితే ఒకటి. 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి. గురగురలాడుతున్నప్పుడు, కలలో పాదాలు కదుపుతున్నప్పుడు, వేడిగా ఉన్నచోట పడుకున్నప్పుడు వచ్చే అంకెను నమ్మొద్దు. రోజూ తేదీ వేసి రాయండి. ఒకసారి 34 వస్తే గంటో రెండు గంటలో ఆగి మళ్లీ చూడండి. వరుసగా 30 పైనే ఉంటున్నా, 24 నుంచి 28కి, అక్కడినుంచి 34కి ఎక్కుతూ వస్తున్నా నీరు మళ్లీ చేరుతోందనే అనుకోవాలి. అపాయింట్‌మెంటును ముందుకు జరపండి. నిద్రలో 40 దాటినా, మోచేతులు బయటికి పెట్టి మెడ చాచి కూర్చున్నా, పొట్టతో ఊపిరి లాగుతున్నా అదేరోజు వెళ్లాలి. నోరు తెరిచి ఊపిరి తీయడం, చిగుళ్లు నీలంగా మారడం, ఉన్నట్టుండి వెనక కాళ్లు పడిపోయి కేకలు పెట్టడం కనబడితే అర్ధరాత్రైనా ఆగొద్దు. ఈ చివరిది, కర్ణికలో పుట్టిన రక్తపు గడ్డ కొట్టుకుపోయి కాళ్లకు వెళ్లే ధమనిని మూసేసినప్పుడు వస్తుంది. క్లోపిడోగ్రెల్ రాసింది దానికి భయపడే.

ఆయాసంతో తీసుకెళ్లినప్పుడు ఎక్స్‌రే కోసం వెల్లకిలా పడుకోబెట్టనివ్వకండి. ఆ కాసేపటి ఒత్తిడికే పిల్లి టేబుల్ మీద పోవచ్చు. ముందు ఆక్సిజన్, కొంచెం మత్తు, స్కానర్‌తో ఒక్క నిమిషం చూపు, పక్కటెముకల మధ్యనుంచి సన్నటి బటర్‌ఫ్లై సూదితో నీరు తీయడం, పిల్లి కుదుటపడ్డాక ఎక్స్‌రే. వరుస ఇలా ఉండాలి. పైగా నీరు తీశాక తీసిన ఎక్స్‌రేలోనే గుండె, దాని ముందున్న భాగం బయటపడతాయి. పండుకు తీసినది నీరు తీయకముందుదైతే, ఈ పాటికి మళ్లీ ఒకటి తీయించడం మంచిది. ఇది సులువైనది, ఉపయోగమూ ఎక్కువే.

ఇక కణితేనా అన్న ప్రశ్న. చేతిలో ఉన్న కాగితాలతో అవునని గానీ కాదని గానీ ఎవరూ తేల్చలేరు. మీ ఇద్దరు డాక్టర్లు చూసింది ఒకే నీడను. ఒకరు ఆ నీడ ఉన్న చోటును బట్టి పేరు పెట్టారు, ఇంకొకరు పిల్లుల్లో ఏది ఎక్కువగా వస్తుందో దాన్ని బట్టి పెట్టారు. రెండో పద్ధతికి బలం కొంచెం ఎక్కువ. గుండె కండరం మందమయ్యే జబ్బు దాదాపు ప్రతి ఏడు పిల్లుల్లో ఒకదానికి ఉంటుంది. గుండె కణితి చాలా అరుదు. వచ్చే ఆ కాసిని కణితుల్లోనూ ఎక్కువగా కనబడేది లింఫోమా (లింఫు కణాల క్యాన్సర్), అది కూడా తరచుగా ఒంట్లో ఇంకోచోట ఉండి గుండెకు పాకినదే. ఊపిరితిత్తుల నుంచో, రొమ్ము నుంచో పాకి వచ్చే క్యాన్సర్లూ ఉంటాయి. బృహద్ధమని మొదట్లో పుట్టే కీమోడెక్టోమా, దారితప్పి అక్కడ మిగిలిపోయిన థైరాయిడ్ కణజాలం నుంచి వచ్చే కణితి, రక్తనాళాల నుంచి పుట్టే హెమాంజియోసార్కోమా పిల్లుల్లో మరీ అరుదు. మీరు నెట్‌లో చదివి భయపడిన సమాచారం చాలావరకు కుక్కలది. కుడి కర్ణిక మీద హెమాంజియోసార్కోమా, బాక్సర్ లాంటి చప్పిడి ముక్కు జాతుల్లో కీమోడెక్టోమా కుక్కల కథ. ఆ అంకెలు తెచ్చి పండుకు తగిలించకండి. ‘నెలల లెక్కే’ అన్న మాట కూడా అంతే. కణితి పేరే తెలియకుండా ఆయుష్షు లెక్క కట్టడం కుదరదు.

బృహద్ధమని పక్కన గుండ్రంగా కనబడేవన్నీ కణితులు కావు. ఎడమ కర్ణిక బాగా ఉబ్బినప్పుడు దాని చెవిలాంటి సంచీ సరిగ్గా అక్కడికే వచ్చి నిలబడుతుంది. అందులో రక్తం గడ్డకడితే స్కాన్‌లో ముద్దలా ఉంటుంది. గుండె మీది కొవ్వు, వాచిన లింఫు గ్రంథి, ఛాతీలో నీటిలో తేలుతూ ముడుచుకుపోయిన ఊపిరితిత్తి కొస కూడా అలాగే మోసం చేస్తాయి. పుట్టుకతో ఉన్న రంధ్రం గుండా కాలేయం ముక్క గుండె పొరలోకి జారి, ఏళ్ల తరబడి ఎవరికీ తెలియకుండా ఉండి, ఇంకేదో పరీక్షలో బయటపడిన పిల్లులు కూడా ఉంటాయి. ముసలి పిల్లుల ఎక్స్‌రేలో బృహద్ధమని వంపు తిరిగి చిన్న బంతిలా కనబడటం మరీ మామూలు. మీ ఉత్తరంలో గుండె పొరలో పలచటి నీరు ఉందంటే కణితే అయి ఉంటుందని రాశారు. అలా ఏమీ లేదు. పిల్లుల్లో ఆ నీటికి మొదటి కారణం గుండె వైఫల్యమే.

కాబట్టి నిపుణుల ఎకో అంటే ‘ఇంకో స్కాన్’ అనుకోవద్దు. ఈ చిక్కులో ఎక్కువ ముడులు విప్పేది అదే, మత్తు కూడా పెద్దగా అక్కర్లేదు. అయితే రిపోర్టులో ‘ముద్ద ఉంది, లేదు’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకుండా కొన్ని విషయాలు ప్రత్యేకంగా రాయించుకోండి.

మొదటిది ఎడమ కర్ణిక పరిమాణం. దాన్ని పక్కనే ఉన్న బృహద్ధమని వ్యాసంతో పోలుస్తారు. ఆ నిష్పత్తి 1.5 లోపు ఉంటే మామూలు. గుండె వైఫల్యం వల్ల ఛాతీలో అంత నీరు చేరిన పిల్లిలో అది చాలామటుకు 1.8కో 2కో పైన ఉంటుంది. పండులో కర్ణిక మామూలుగా ఉందని తేలితే 140 మి.లీ. నీటికి గుండె కండరాన్ని బాధ్యురాలిని చేయడం కష్టం. అప్పుడు కణితి, లింఫోమా, ఇన్ఫెక్షన్ వైపు చూడాల్సిందే. కర్ణిక బెలూన్‌లా ఉబ్బి ఉంటే తూకం రెండో డాక్టరు వైపు మొగ్గుతుంది. ఒక మెలిక ఉంది: ఇన్నాళ్లుగా ఫ్యూరోసెమైడ్ వాడుతున్నారు కాబట్టి కర్ణిక కొంత తగ్గి ఉండొచ్చు. మొదటి స్కాన్ బొమ్మలు, వీలైతే వీడియోలు పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. నిపుణులకు కాగితం మీది వాక్యం కన్నా అవే పనికొస్తాయి.

రెండోది ఎడమ జఠరిక గోడ మందం. గుండె వదులైనప్పుడు 6 మి.మీ. లేదా అంతకు మించి ఉంటే మందమైనట్టు లెక్క, 5కూ 6కూ మధ్య ఉంటే అనుమానం. మందంగా ఉన్నంత మాత్రాన కండరం జబ్బే అని ముద్ర వేయకూడదు. రక్తపోటు, థైరాయిడ్ ఎక్కువవడం, ఒంట్లో నీరు తగ్గిపోవడం కూడా గోడను మందంగా చూపిస్తాయి. లింఫోమా కణాలు కండరంలోకి చొరబడినా అలాగే కనబడుతుంది. గోడ ఒకచోట మందంగా, ఇంకోచోట మామూలుగా ఉండి ఎకో బొమ్మలో మెరుపు తేడాగా ఉంటే ఆ మాట తప్పకుండా అడగండి.

మూడోది ఆ 17 మి.మీ. వస్తువు గుణాలు. రెండు వేర్వేరు కోణాల్లో కనబడిందా, ఒక్క కోణంలోనేనా? ఒక్క కోణంలోనే కనబడితే అది అడ్డంగా కోసిన కర్ణిక సంచీ అయి ఉండే అవకాశం ఎక్కువ. గుండె గది లోపల ఉందా, బయట ఉందా? బృహద్ధమనికీ పుపుస ధమనికీ మధ్య ఇరుక్కుని ఉంటే కణితి అనుమానం పెరుగుతుంది. కర్ణిక లోపల ఉండి, దాని చుట్టూ రక్తం పొగలా తిరుగుతూ కనబడితే రక్తపు గడ్డ. కలర్ డాప్లర్ పెడితే లోపల రక్త ప్రసరణ ఉందా? రక్తపు గడ్డలో ఉండదు. కణితిలో ఉండొచ్చు, అయితే పిల్లి అంత చిన్న కణితిలో ప్రసరణ పట్టుబడకపోవడమూ ఉంది. అంటే, కనబడితే సాక్ష్యం, కనబడకపోతే అది దేనికీ సాక్ష్యం కాదు. ఇంకొకటి: ఛాతీలో కాస్త నీరున్నప్పుడు గుండె మొదలు ఎకోలో మరింత బాగా కనబడుతుంది, ఎందుకంటే గాలి నిండిన ఊపిరితిత్తి అడ్డు తప్పుకుంటుంది. పండు కులాసాగా ఉండి, నీరు కొంచెమే ఉంటే, ముందు ఎకో చేసి తర్వాత నీరు తీయమని అడగొచ్చు. ఆయాసం ఉంటే మాత్రం ఆ ఆలోచనే వద్దు.

నాలుగోది గుండె పొరలోని నీరు గుండెను నొక్కుతోందా అన్నది. కుడి కర్ణిక గోడ లోపలికి కుంగుతుంటే నొక్కుతున్నట్టు. పిల్లుల్లో ఇది తక్కువే కానీ, ఉంటే మందు మారిపోతుంది. నొక్కుడు ఉన్నప్పుడు ఫ్యూరోసెమైడ్ గుండెలోకి వచ్చే రక్తాన్ని ఇంకా తగ్గించి పిల్లిని నీరసపరుస్తుంది. అక్కడ కావాల్సింది సూదితో ఆ నీరు తీయడం. పలచటి పొరగా ఉన్నప్పుడు మాత్రం అక్కడ సూది పెట్టడం మేలు కన్నా ముప్పే ఎక్కువ, కేవలం పరీక్ష కోసం తీయించొద్దు.

ఛాతీ నీటి దగ్గర మీకు ఒక అవకాశం జారిపోయింది, మళ్లీ వస్తే వదులుకోకండి. ‘అనుమానాస్పద కణాలు’ అన్న రిపోర్టు మీకు తీర్పులా వినబడింది. కొన్ని రోజులుగా నీటిలో నానుతున్న ఛాతీ పొర కణాలు పెద్దవై, రెండేసి కేంద్రకాలతో, నీలంగా రంగు పట్టి అచ్చం క్యాన్సర్ కణాల్లా తయారవుతాయి. వాటిని చూసి పొరపడటం లోకమంతటా ఉన్నదే. అందుకే అలాంటి వాక్యం వచ్చినప్పుడు పాత స్లైడ్లను పశువైద్య పాథాలజిస్టుకు పంపి రెండో మాట తీసుకోవచ్చు. స్లైడ్లు ల్యాబ్‌లో ఉంటాయి, పండును ముట్టుకోనే అక్కర్లేదు. ఈ పని రేపే చేయొచ్చు.

మళ్లీ నీరు తీసే రోజు వస్తే, మొదటి కొన్ని మిల్లీలీటర్లు ఊదా మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులోకి, ఇంకొన్ని ఏమీ కలపని ట్యూబులోకి పోయించండి. అక్కడికక్కడే రెండు మూడు స్లైడ్లు పూసి ఆరబెట్టమనండి. గంటల తరబడి ట్యూబులో ఉన్న కణాలు ఉబ్బి పాడైపోతాయి, పాథాలజిస్టు దగ్గర ‘చెప్పలేం’ అన్న మాటకు సగం కారణం అదే. నీరు పాలలా ఉంటే ట్రైగ్లిజరైడ్ కొలిపించండి. రక్తంలో కన్నా నీటిలో ఎక్కువుంటే లింఫు కారుతున్నట్టు. దానికి ఛాతీలోని ముద్ద కారణం కావొచ్చు, గుండె వైఫల్యం కూడా కావొచ్చు, కాబట్టి అదొక్కటే దేన్నీ తేల్చదు. గడ్డి రంగులో జిగటగా, ప్రొటీన్ ఎక్కువగా, అల్బుమిన్‌తో పోలిస్తే గ్లోబులిన్ మరీ ఎక్కువగా ఉంటే ఎఫ్‌ఐపీ (పిల్లుల్లో ఒక రకం కరోనావైరస్ వల్ల వచ్చే జబ్బు) గుర్తుకు తెచ్చుకోవాలి. పదకొండేళ్ల పిల్లిలో తక్కువే అయినా, ఇప్పుడు మందుకు లొంగే జబ్బు కాబట్టి మరిచిపోకూడదు. నీటిలో పెద్ద లింఫు కణాలు గుంపులుగా ఉంటే లింఫోమా దాదాపు ఖాయం, అనుమానం మిగిలితే అదే నీటితో, ఆ కణాలన్నీ ఒకే కణం నుంచి పుట్టాయా అని చూసే క్లోనాలిటీ పరీక్ష చేస్తారు. లింఫోమా ఇలా నీటిలో దొరికిపోతుంది. కీమోడెక్టోమా, హెమాంజియోసార్కోమా కణాలు నీటిలోకి రాలడం అరుదు. అంటే నీటిలో క్యాన్సర్ దొరకలేదంటే కణితి లేదని కాదు, లింఫోమా అయ్యే అవకాశం తగ్గిందని మాత్రమే.

రక్త పరీక్షల్లో పండుకు నిజంగా అక్కరకొచ్చేవి కొన్నే. టీ4 (థైరాయిడ్ పరీక్ష), రక్తపోటు, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) ఎలాగూ చూడాలి, పదకొండేళ్ల పిల్లి కదా. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అనే పరీక్ష గుండె గోడ మీద ఒత్తిడిని చెబుతుంది. ఆయాసంలో ఉన్న పిల్లిలో లీటరుకు 270 పికోమోల్ దాటితే గుండె వైఫల్యం వైపు, 100 లోపు ఉంటే ఊపిరితిత్తులో ఛాతీలో ఉన్న ఇంకేదో వైపు మొగ్గుతారు. పండుకు ఇప్పుడు మందులు నడుస్తున్నాయి, నీరు తీసేశారు. ఈ దశలో అంకె తగ్గి ఉంటే నమ్మడానికి లేదు, బాగా ఎక్కువగా ఉంటే మాత్రం అర్థముంది. కిడ్నీలు దెబ్బతిన్నా, థైరాయిడ్ ఎక్కువైనా ఇదీ పెరుగుతుంది. కణితి ఉందా లేదా అని ఈ పరీక్ష చెప్పదు, చెబుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఎఫ్‌ఈఎల్‌వీ, ఎఫ్‌ఐవీ అనే రెండు పిల్లి వైరస్‌ల పరీక్షలు కూడా చేయించండి, మొదటిదాని సంగతి చివర్లో చెబుతాను.

స్టెరాయిడ్ మొదలుపెడితే పోయేదేముందన్నారు. మూడు పోవచ్చు. లింఫోమా ఉంటే అది కొన్ని రోజుల్లోనే కుంచించుకుపోయి, ఆ తర్వాత తీసిన నీటిలోనూ సూది పరీక్షలోనూ కణాలు దొరక్కపోవచ్చు. పేరు తెలియకుండానే కొన్ని వారాలు గడిచి, తిరగబెట్టినప్పుడు కీమోథెరపీకి ముందంతగా లొంగదు. రెండోది, అసలు జబ్బు గుండె కండరానిదైతే స్టెరాయిడ్ ఒంట్లో రక్త పరిమాణాన్ని పెంచి, అప్పటిదాకా నెట్టుకొస్తున్న గుండెను వైఫల్యంలోకి తోసేయగలదు. పిల్లుల్లో ఇది బాగా తెలిసిన ప్రమాదం. మూడోది, పిల్లి హుషారై తింటుంటే కణితి మందుకు లొంగిందని అందరూ అనుకుంటారు. స్టెరాయిడ్‌కు ఆకలి, హుషారు ఎలాగూ పెరుగుతాయి, జబ్బు ఏదైనా సరే. అందుకని ఎకో, స్లైడ్ల రెండో మాట వచ్చేదాకా ఆగడం మంచిదని నా అభిప్రాయం. ఎప్పుడు మొదలుపెట్టినా నెల పాటు ఒంట్లో ఉండిపోయే ఇంజెక్షన్ మాత్రం వద్దు. బెడిసికొడితే వెనక్కి తీసుకోలేం. రోజువారీ మాత్రే ఇవ్వాలి, అదీ ప్రెడ్నిసోలోన్. ప్రెడ్నిసోన్ అనే పేరున్నది పిల్లుల ఒంట్లో సరిగా పనిచేయదు.

సీటీ గురించి. అది ముద్ద ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసింది, ఏ రక్తనాళాన్ని చుట్టుకుంది, ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న గడ్డలున్నాయా అన్నవి ఎకో కన్నా బాగా చూపిస్తుంది. అయితే ముద్దకు పేరు పెట్టదు. పేరు కావాలంటే సూది వేయాలి. ఆపరేషన్, రేడియేషన్, లేదా సూది పరీక్ష అనే మాట మీ ఆలోచనలో ఉంటేనే సీటీకి అర్థం. వాటిలో ఏదీ చేయించేది లేదని ముందే అనుకుంటే, సీటీ మీకు ఇచ్చేది ఒక స్పష్టమైన ఫోటో, అంతే.

మత్తు విషయంలో భయం సమంజసమే. స్కాన్ నిమిషాల్లో అయిపోతుంది, ముప్పు అంతా దాని ముందూ వెనకా ఉంటుంది. ఛాతీలో నీరు అదేరోజు తీసేయాలి. క్రియాటినిన్ ముందే చూడాలి, ఫ్యూరోసెమైడ్ మీద ఉన్న పిల్లికి, సీటీ బొమ్మ స్పష్టత కోసం ఎక్కించే కాంట్రాస్ట్ మందు కిడ్నీల మీద భారం. సెలైన్ ధారాళంగా ఎక్కించడం కిడ్నీకి మంచిదని మామూలుగా చేసేస్తుంటారు. గుండె జబ్బున్న పిల్లికి అదే నీరై ఛాతీలోకి చేరుతుంది. ఎంత వేగంతో ఎక్కిస్తారో అడగండి. కర్ణిక బాగా ఉబ్బిందని ఎకోలో తేలితే మత్తు ముప్పు ఇంకా పెరుగుతుంది, అప్పుడు సీటీ అవసరమూ తగ్గుతుంది. అందుకే ఎకో ముందు.

సూది పరీక్షకు వెళ్తే క్లోపిడోగ్రెల్ మాట ముందే చెప్పండి. దాని ప్రభావం మాత్ర ఆపిన రోజే పోదు, రోజులు పడుతుంది. ఎప్పుడు ఆపాలో, ఆపితే రక్తపు గడ్డ ముప్పు ఎంతో ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని చెప్పాలి, మీరై మీరు ఆపొద్దు. గుండె ముందు భాగంలో, ఛాతీ గోడకు ఆనుకుని ఉన్న ముద్దకు స్కాన్ చూస్తూ సూది వేయడం తరచుగా చేసేదే, లింఫోమా అలా సులువుగా దొరుకుతుంది. బృహద్ధమనికీ పుపుస ధమనికీ మధ్య ఉన్న ముద్ద సంగతి వేరు. కీమోడెక్టోమా నిండా రక్తనాళాలే, పక్కనే ఒంట్లోకెల్లా పెద్ద ధమని. అక్కడ సూది వద్దని నిపుణులు అంటే పిరికితనం అనుకోకండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఎకో, స్లైడ్ల పునఃపరీక్ష, రక్తపరీక్షలు, నీరు తీశాక ఎక్స్‌రే. ఇంతవరకు చేసి అక్కడ ఆగి, మళ్లీ కూర్చుని మాట్లాడుకోవడం ఒక దారి. పండుకు దీనివల్ల అయ్యే కష్టం ఒకటి రెండు ప్రయాణాలు. ప్రయాణానికి రెండు గంటల ముందు ఇచ్చే గాబాపెంటిన్ (బెదురు తగ్గించే మందు) మోతాదు అడిగితే అదీ తగ్గుతుంది. దీంతో గుండె కండరమే కారణమని తేలితే ఉన్న మందులే సర్దుకుని నెలలు, కొన్నిసార్లు ఏడాది దాటి కూడా బతకొచ్చు. లింఫోమా అని తేలితే కీమోథెరపీ ఉంది. మొదట్లో వారం వారం విన్‌క్రిస్టిన్ లాంటి ఇంజెక్షన్లు, ఇంట్లో మాత్రలు. పిల్లులు దాన్ని మనుషుల కన్నా తేలిగ్గా తట్టుకుంటాయి, బొచ్చు రాలడం తక్కువ, మీసాలు మాత్రం రాలొచ్చు. అన్ని పిల్లులూ లొంగవు, లొంగినవాటిలోనూ ఎక్కువ వాటికి తిరగబెడుతుంది. కీమోడెక్టోమా లాంటిదే అయితే అది తరచుగా నెమ్మదిగా పెరిగేది. ప్రాణం మీదికి తెచ్చేది దాని పరిమాణం కన్నా అది చేర్చే నీరు. గుండె పొరలో నీరు పదేపదే చేరుతుంటే ఆ పొరను కొంత కోసి తీసేసే ఆపరేషన్ కుక్కల్లో ఊరటనిస్తుంది, పిల్లుల్లో చేసినవి తక్కువ. రేడియేషన్ కొన్ని పెద్ద కేంద్రాల్లోనే దొరుకుతుంది.

మీ అమ్మాయి చెప్పే దారి, అంటే సీటీ, సూది, ఆపైన ఏది వస్తే దానికి చికిత్స, ఎకో ఫలితం వచ్చాకే ఎంచుకోండి. అది తప్పు దారి కాదు, ఈ వారం తొందరపడాల్సిన దారి కాదు.

మీ వారు చెప్పేదీ ఒక దారే, దాన్ని నిర్లక్ష్యం అనకండి. ఇంకే పరీక్షా చేయించకుండా, శ్వాస లెక్క చూసుకుంటూ, అవసరమైనప్పుడు నీరు తీయించుకుంటూ, ప్రెడ్నిసోలోన్ మాత్ర మొదలుపెట్టి ఉన్నన్నాళ్లు కులాసాగా చూసుకోవడం. ఆ దారికి నిర్ణయించుకుంటే నేను పైన చెప్పిన స్టెరాయిడ్ అభ్యంతరాల్లో మొదటిది దానంతటదే పోతుంది, ఎందుకంటే పేరు తెలుసుకోవాలన్న ఉద్దేశమే లేదు. గుండె వైఫల్యం ముప్పు మాత్రం ఉంటుంది, కాబట్టి మాత్ర మొదలైన పది పదిహేను రోజులు శ్వాస లెక్క రెండు పూటలా రాయాలి. ఈ దారిలో మీరు వదులుకునేది ఏమిటో తెలిసి వదులుకోండి: అది లింఫోమానో, మందుకు లొంగే కండరం జబ్బో అయితే, దానికి తగిన చికిత్స అందకుండా పోతుంది. ఇంట్లో ముగ్గురూ వాదించుకుంటున్నది పరీక్షల గురించి. అంతకన్నా ముందు ‘లింఫోమా అని తేలితే కీమోకు తీసుకెళ్తామా’ అన్న ఒక్క ప్రశ్నకు ముగ్గురూ జవాబు చెప్పుకోండి. వద్దనే జవాబైతే సగం పరీక్షలు అక్కర్లేదు.

ఎక్కడ ఆపాలన్నారు. నీరు తీయాల్సిన వ్యవధులు చూడండి. నెలకోసారి తీస్తే సరిపోతూ, మధ్యలో పండు తిని, తన చోటికి ఎక్కి, ఒళ్లు నాక్కుంటుంటే కొనసాగించొచ్చు. మూడు వారాలు కాస్తా పది రోజులై, పది రోజులు కాస్తా నాలుగైతే, తీసిన మర్నాడు కూడా గిన్నె ముట్టకపోతే, చోటు మార్చి మార్చి కూర్చుంటూ పడుకోలేకపోతే, అప్పుడు బాధ లేకుండా శాశ్వతంగా నిద్రపుచ్చడం గురించి మాట్లాడటం తొందరపాటు కాదు. ఆ మాట ఆయాసం ముదిరిన రాత్రి అత్యవసర గదిలో కాకుండా, పండు స్థిమితంగా ఉన్న ఒక పగలు డాక్టరుతో ముందే మాట్లాడి పెట్టుకోండి. ఏ లక్షణం దగ్గర ఆగాలో కాగితం మీద రాసుకుంటే మీ ముగ్గురికీ ఆ రోజు వాదన తప్పుతుంది.

ఒంటరిగా దాక్కోవడాన్ని మొదటి వారమే గమనించలేదని మీరు నొచ్చుకున్నారు. ఛాతీలో నీరు చేరే పిల్లులు కదలికలు తగ్గించుకుని చివరిదాకా కప్పిపుచ్చుతాయి. కుక్కల్లా దగ్గవు కూడా. డొక్కలు ఎగరేసేదాకా ఇంట్లోవాళ్లకు తెలియకపోవడమే మామూలు.

రెండో పిల్లి విషయం. కణితి అంటదు, గుండె కండరం జబ్బూ అంటదు. అంటేది ఎఫ్‌ఈఎల్‌వీ వైరస్, లింఫోమాకు అదొక కారణం. ఆ వైరస్ వల్ల ఛాతీలో వచ్చే లింఫోమా ఎక్కువగా చిన్న వయసు పిల్లుల్లో కనబడుతుంది, పండు వయసులో తక్కువ. అయినా పండుకు పరీక్ష చేయించమన్నది అందుకే. నెగటివ్ వస్తే ఈ బెంగ వదిలేయండి, ఇద్దరూ ఒకే గిన్నెలో తాగినా ఫర్లేదు. పాజిటివ్ వస్తే గిన్నెలు, మట్టి ట్రే వేరు చేసి చిన్నదానికి కూడా వెంటనే పరీక్ష చేయించండి. దానికి నెగటివ్ వచ్చినా విడిగా ఉంచిన నెల తర్వాత ఇంకోసారి చేయించాలి, కొత్తగా సోకిన వైరస్ మొదటి పరీక్షలో దొరక్కపోవచ్చు. రెండోసారీ నెగటివ్ అయితే టీకా వేయించొచ్చు.